గోనె అడుగు సరుకు

వంతెన రెండో స్తంభాన్ని ఊడ్చుకుపోయిన వరద వచ్చిందే, ఆ ఏడు జరిగింది ఇది. నీళ్ళు దిగి నాలుగు నెలలైనా గోడల మీద నడుమెత్తున బురద గీత ఇంకా చెరగలేదు. గోడౌన్లలోని గోనెలన్నీ కుళ్ళిపోయి, సరుకు నింపడానికి సంచీ దొరకడమే గగనంగా ఉన్న రోజులవి.

ఆ ఏడు ఒక సోమవారం పొద్దున తొమ్మిదీ నలభైకి పత్రికాఫీసు నైట్‌షిఫ్టు ఫోర్‌మన్ చనిపోయాడు. యాభై రెండేళ్ళ మనిషి. రాత్రంతా మిషను దగ్గర నిలబడి, పొద్దున ఇంటికొచ్చి, నిద్ర పట్టడానికి జటామాంసి వేరు నానబెట్టిన నీళ్ళు తాగి పడుకోవడం అతని అలవాటు. ఆ పొద్దున కూడా తాగాడు. సాయంత్రానికి అతని భార్యను లాకప్పులో పెట్టారు. బుధవారం పదిన్నరకు కోర్టుకు తీసుకుపోతారు. పోయిందా, ఇక జైలే. ఆమె తరఫున నోరు విప్పేవాళ్ళు లేరు. ఆమె కబురు పెట్టింది కూపీ మామకు.

కూపీ మామకు అసలు పేరు ఒకటుండేది. ఎవరూ పిలవక అది తుప్పు పట్టిపోయింది. కూపీలు లాగడం ఆయన పని. ఎదుటివాడికి ఊపిరాడక నిజం చెప్పేదాకా తాను నోరు మూసుకుని కూచోవడం ఆయన విద్య.

మంగళవారం పదకొండు గంటలకు మామ స్టేషన్లో అడుగుపెట్టాడు. అక్కడి ఇన్‌స్పెక్టరు ఆయనకు స్వయానా అక్క కొడుకు, మామ చంకనెక్కి పెరిగినవాడు. రెండేళ్ళ కిందట ఇతను పట్టుకొచ్చిన దొంగ దొంగ కాదని మామ తేల్చాడు. అప్పట్నించి ఆ చుట్టరికం అక్క ఎదుట తప్ప ఇంకెక్కడా కనపడదు.

"పది నిమిషాలు, మామయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు తలెత్తకుండానే. "అదీ మా అమ్మ మొహం చూసి."

ఫోర్‌మన్ భార్య లాకప్పులో గోడకు ఆనుకుని కూచుంది. ఏడుపు అయిపోయిన మొహం. కుడిచేతిని కొంగు కింద దాచుకుంది. మామ ఆమె ఎదురుగా నేల మీదే కూచున్నాడు.

"ఎన్నింటికొచ్చాడు?"

"ఆరున్నరకు, బాబాయిగారూ. ఎప్పుడూ అంతే. గడియారం ఆయన్ని చూసి దిద్దుకోవాలి."

"తాగింది?"

"ఏడుకు. ముందురోజు సాయంత్రం ఆరింటికి వేరు చన్నీళ్ళలో వేసి కిటికీలో పెడతాను. పొద్దున పిండి, వడగట్టి ఇస్తాను. రెండు నెలల్నించీ అదే లెక్క."

"కొత్త పొట్లమా?"

"ఆ. పాతది శుక్రవారంతో అయిపోయింది. శని, ఆది రెండురోజులూ కన్ను మూతపడలేదాయనకు. ఆదివారం సాయంత్రం తానే పోయి వేర్లవ్వ దగ్గర తెచ్చుకున్నాడు. తెచ్చీ తేగానే నానేశాను."

"తాగాక?"

"ఏడూ ఇరవైకి నాలుక మీద చీమలు పాకుతున్నట్టుందన్నాడు. రాత్రంతా సిరా వాసన పీల్చీ పీల్చీ నాలుక్కూడా అచ్చుపడి ఉంటుందన్నాను." ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. "నవ్వాను, బాబాయిగారూ."

మామ ఊరుకున్నాడు.

"తర్వాత పెదవులు మొద్దుబారాయన్నాడు. నాలుగుసార్లు పోయి నోరు పుక్కిలించొచ్చాడు. పంచదార నోట్లో పోసుకున్నాడు, తీపి తెలీడం లేదన్నాడు. ఎనిమిదికి వాంతి. ఎనిమిదిన్నరకు చేతులు చచ్చుపడ్డాయి, గుండె ఒక దెబ్బ కొట్టి ఒక దెబ్బ మరిచిపోతోందన్నాడు. డాక్టరు కోసం పక్కింటాయన్ని పరిగెత్తించాను. వాళ్ళొచ్చేసరికే..."

"పడుకున్నాడా మధ్యలో?"

"ఎక్కడ. ఒక్క కునుకు లేదు. చివరిదాకా కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. నన్నే చూస్తూ ఉన్నాడు."

"ఆ చెయ్యి చూపించు."

ఆమె కొంగు తీసింది. చూపుడువేలు మీద, నడిమివేలు మీద రూపాయి బిళ్ళంత బొబ్బలు, నీరు పట్టి ఉన్నాయి.

"ఎప్పుడు కాలింది?"

"తెలీదు. నిన్న పొద్దున స్టవ్వు దగ్గరేమో. కాలిన వాసనొస్తే చూసుకున్నాను. నొప్పి తెలియలేదు. వేళ్ళు నావి కానట్టున్నాయి. పోలీసులొచ్చి అడుగుతుంటే చేతిలోంచి గ్లాసు కూడా జారి పడింది. భయంతో వణుకుతోందని రాసుకున్నారు."

"ఎడమచెయ్యి?"

"దానికేం కాలేదు."

"వేరు పిండేది ఏ చేత్తో?"

"కుడిచేత్తోనే," అందామె. అని, తన చేతివంకే కొత్తగా చూసుకుంది.

*

ఇన్‌స్పెక్టరు టేబులు మీద నిద్రబిళ్ళల అట్ట ఒకటి పెట్టి దాన్ని వేలితో మామవైపు తోశాడు. పది బిళ్ళల అట్ట. ఆరు ఖాళీలు.

"ఆవిడ బట్టల అరలో దొరికింది. ఆరు బిళ్ళలూ నలిపి వేరు నీళ్ళలో కలిపింది. ఆ వాసనలో ఏం కలిపినా తెలీదు. చదవనక్కర్లేని కేసు, మామయ్యా."

"ఆమె చెప్పింది. ఆ ఆరూ డాక్టరిచ్చిన కొత్తలో వాడే మింగాడట. మిషను దగ్గర తూగుతోందని మానేశాడట. మిగిలినవి ఆమె దాచింది."

"అట అట అంటూ పోతే కోర్టు నడవదు. ముందురోజు గొడవ పడ్డారు. ఈ రాత్రి పని మానకపోతే చస్తావు అందావిడ. పక్కింటాయన విన్నాడు."

"ఆ మాట అనని పెళ్ళాం ఉందా? అన్నవాళ్ళందర్నీ లోపలేస్తే నీ స్టేషను చాలదు. మీ అమ్మను కూడా తేవాలి."

పక్క టేబులు దగ్గర పెద్ద కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"ఆరు బిళ్ళలు మింగినవాడు నిద్రపోడా?" అన్నాడు మామ.

"పోలేదని చెప్పిందెవరు? ఆవిడే. ఇంకేం చెబుతుంది?"

"పొట్లంలో మిగిలిన వేరు ల్యాబుకు పంపావా?"

"కడుపులోవి పంపాను. మూడు వారాలు పడుతుంది. వేరుదేముంది? గడ్డివేరు. మా అమ్మ తలనూనెలో వేస్తుంది. పుట్టిన్నాటినుంచీ ఆ వాసనలో పెరిగాను. దాంతో ఎవడూ చావడు. మందంటే బిళ్ళ, మామయ్యా. వేరంటే వేరే."

పొట్లం టేబులు మీదే ఉంది, విప్పిన కాగితంలో. ఇంకా మూడు రోజుల సరుకు ఉంటుంది.

ఊరుకోవడం చేతనైన మనిషికి ఒక్కోసారి ఊరుకోవాల్సిన చోటే నోరు జారుతుంది.

"అంత నమ్మకమైతే నువ్వే తాగు," అన్నాడు మామ. అని చెప్పులేసుకుని బయటికొచ్చేశాడు. అప్పుడు పదకొండున్నర.

*

ఒంటిగంటకు ఒక కానిస్టేబులు ఫోర్‌మన్ ఇంటి తాళం తీశాడు. రెండు గదులు, వంటిల్లు. మామ గుమ్మంలోనే నిలబడి ముందు కళ్ళతో నడిచాడు, తర్వాత కాళ్ళతో.

మంచం. దుప్పటి మడత విప్పలేదు. దిండు మీద తల పెట్టిన గుంట లేదు. మంచం పక్క స్టూలు మీద పంచదార డబ్బా, మూత లేదు, చెంచా అందులోనే దిగబడి ఉంది. చీమలు బారులు కట్టాయి. నీళ్ళ తొట్టి దగ్గర నాలుక గీసుకునే బద్ద, దాని అంచున ఎండిన నెత్తురు చార. నాలుక తనది కానట్టుంటే మనిషి గీకి గీకి చూసుకున్నాడు.

"నిద్రపోయినవాడు ఇంత పని చేస్తాడా?" అన్నాడు మామ.

కానిస్టేబులు బుర్ర గోక్కున్నాడు. "నన్నడిగితే ఏం లాభమండీ. తాళం తియ్యమన్నారు, తీశాను."

వంటింట్లో కిటికీ దగ్గర జాడీ పెట్టిన చోట గుండ్రటి మచ్చ. జాడీని, గ్లాసును, వడగట్టిన గుడ్డను ఇన్‌స్పెక్టరు మనుషులు పట్టుకుపోయారు. మామ చెత్తబుట్ట బోర్లించాడు. టీపొడి, తొక్కలు, నలిపిన కాగితం.

"పిప్పేదీ?"

"ఏం పిప్పండీ?"

"వేరు పిండితే పిప్పి మిగలాలి కదా. ఇందులో లేదు."

అలమరలో నూనె సీసా కనిపించింది. సీసా అడుగున ఎర్రటి పీచు వేర్లు చెదిరిన జడల్లా పడి ఉన్నాయి. మామ సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. ఒకసారి నానిన వేరును పారెయ్యని ఇల్లు ఇది. ఎండబెట్టి తలనూనెలో వేసుకునే ఇల్లు. ఆయన దొడ్డి తలుపు తీశాడు. వెనక గోడ మీద ఎండకు ఒక పళ్ళెం. దాని మీద పలచటి గుడ్డ కప్పి, గాలికి ఎగరకుండా రాయి పెట్టి ఉంది.

"ఇది తీసుకోలేదే?"

"చెత్తనుకున్నామండీ."

మామ రెండు అగ్గిపుల్లలతో ఆ పిప్పిని పాయలు పాయలుగా విడదీశాడు. చేత్తో ముట్టుకోలేదు. జటామాంసికి ఒంటినిండా వెంట్రుకలుంటాయి. తోడేలు తోకను కోసి ఎండబెట్టినట్టుంటుంది. ఆ పీచులో మూడు ముక్కలకు మాత్రం ఒక్క వెంట్రుకా లేదు. నల్లగా, నున్నగా, గోరంత ఉన్నాయి. విరిగిన చోట కొమ్ములా మెరుస్తున్నాయి.

మామ ఆ మూడింటినీ కాగితంలో చుట్టి, ఆ కాగితాన్ని ఇంకో కాగితంలో చుట్టాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. కానిస్టేబులు చూసి తనూ కడుక్కున్నాడు, ఏమీ ముట్టుకోకపోయినా.

*

వేర్లవ్వ అంగడి నాలుగు అడుగుల బల్ల, దాని వెనక ఒక గది. డెబ్బై దాటిన మనిషి. మామ వెళ్ళేసరికి మూడున్నర. ఒక గర్భిణీ పిల్లను తిప్పి పంపేస్తోంది.

"నిద్ర పట్టకపోతే పట్టకపోనీ, తల్లీ. కడుపుతో ఉన్నదానికి ఇది ఇవ్వను. పాలు తాగి పడుకో. కావాలంటే డాక్టర్నడుగు." మామవైపు తిరిగింది. "నీకేం కావాలి నాయనా? నీ మొహం చూస్తే నిద్రలేనివాడిలా లేవు. నిద్ర చెడగొట్టేవాడిలా ఉన్నావు."

మామ ఫోర్‌మన్ సంగతి చెప్పాడు. ముసలమ్మ చేతిలోని తక్కెడ బల్ల మీద పెట్టేసింది. పోయాడన్న కబురు ఆమెకు అందింది. ఎందుకు పోయాడో అందలేదు.

"ఈ వేరుతో చచ్చిపోతారా, అవ్వా?"

"ముప్పై ఎనిమిదేళ్ళుగా అమ్ముతున్నాను. హిమాలయాల మీద, మంచు అంచున మొలుస్తుంది. గుండె దడకిస్తారు, నిద్రకిస్తారు, తలనూనెకిస్తారు. చిటికెడు వేరు, గ్లాసుడు చన్నీళ్ళు, అంతే. మంచిదని దోసెడు వేసుకుంటే కడుపు తిప్పుతుంది. రక్తం పోటు తక్కువున్న వాళ్ళకివ్వను. నిద్రబిళ్ళలు మింగేవాళ్ళకివ్వను. రెండూ కలిస్తే మత్తు మీద మత్తు. ఫోర్‌మన్ మొదటిసారి వచ్చినప్పుడు బిళ్ళల అట్ట తెప్పించి చూశాను. నాలుగు మిగిలాయి అందులో. ఇక ముట్టనని నా ఎదుట ఒట్టేశాకే ఇచ్చాను."

"అట్టలో ఇప్పటికీ నాలుగే ఉన్నాయి," అన్నాడు మామ.

కాగితం విప్పి బల్ల మీద పెట్టాడు. ముసలమ్మ వంగి చూసింది. చూసి, మామ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇదెక్కడిది?"

"నువ్విచ్చిన పొట్లంలోది."

"వసనాభి," అంది ముసలమ్మ. "ఇదీ ఆ కొండలదే. పాలలో గంటలు గంటలు ఉడికించి విషం తీస్తే వైద్యుడి చేతిలో మందు. పచ్చిదైతే పులి. నాలుకకు తగిలితే చిమచిమ, తర్వాత తిమ్మిరి, తర్వాత గుండె. ఉడికిస్తే కొంతన్నా విరిగేది. వీడు చన్నీళ్ళలో నానేసి తాగాడు. జటామాంసికి ఏ పద్ధతి మంచిదో, దీనికి అదే యముడు."

"నీ దగ్గర వసనాభి ఉందా?"

"గడప తొక్కనివ్వను."

"మరి ఎలా వచ్చింది?"

ముసలమ్మ తక్కెడ తీసి తుడిచింది, మళ్ళీ తుడిచింది. మామ కదల్లేదు. బల్ల కింద నుంచి పిల్లి వచ్చి, ఇద్దర్నీ చూసి, తిరిగి లోపలికి పోయింది.

"ఆదివారం సాయంత్రం వచ్చాడు," అంది చివరికి. "పొద్దునే గోనె ఖాళీ అయింది. లేదురా, నాలుగు రోజుల్లో వస్తుంది సరుకు అన్నాను. రెండు రోజులైంది కన్నుమూసి అన్నాడు. బల్ల పట్టుకుని ఊగుతున్నాడు. నా కోసం తీసి పెట్టుకున్న అడుగు ఇచ్చేశాను."

"అడుగంటే?"

"గోనె అడుగున నలిగిన ముక్కలు, దుమ్ము మిగులుతాయి. దాన్ని అమ్మకూడదు. అడుగు అమ్మితే అంగడి అడుగంటుతుందని మా వాళ్ళ మాట. ఈ బజారులో ఎవరూ అమ్మరు. ఎవరి గోనె అడుగు వాళ్ళే వాడుకుంటారు. నాకూ వయసు మీద పడ్డాక నిద్ర తక్కువ. అమ్మలేదు నాయనా, పైసా పుచ్చుకోలేదు. జాలిపడి ఇచ్చాను." పైట చెంగుతో నోరు మూసుకుంది. "నా నోటికి రావాల్సింది వాడి నోట్లో పోశాను."

"ఆ గోనె ఉందా?"

ఆమె కూచునే పీట మీద మడిచి వేసుకుంది. మామ తీసి విదిల్చకుండా, మెల్లగా, లోపలివైపు బయటికి తిప్పాడు. ముసలమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది.

గోనె అంచంతా ఎర్రదారంతో కుట్టి ఉంది.

ఎర్రకుట్టు ఏమిటో ఆమే చెప్పింది. విషపు వేర్లు నింపే గోనెకు గోడౌనులో ఎర్రదారం వేస్తారు. ఖాళీ కాగానే కాలుస్తారు, రెండో సరుకు నింపరు. అది తాతలనాటి కట్టు. వరదలో గోనెలు పోయాయి. గోడౌను యజమాని కాల్చాల్సిన గోనెలను తిరగేసి, ఎర్రకుట్టు లోపలికి పోయేలా చేసి, తెల్లదారంతో మూతి కుట్టి పంపాడు. పాత వసనాభి ముక్కలు మూలల కుట్లలో ఇరుక్కుని ఉన్నాయి. పైసరుకు అమ్ముడైపోతుంది. ఏమీ కాదు. ముక్కలన్నీ అడుగుకు దిగుతాయి.

"ఈ గోనెలు ఇంకెవరికి దించాడు?"

"నాతో కలిపి ఎనిమిది అంగళ్ళకు. అయిదు ఈ వీధిలోనే, నాదీ అందులోదే. మూడు వంతెన అవతల."

"కొన్నవాళ్ళకు భయం లేదు," అన్నాడు మామ మెల్లగా. "అమ్మేవాళ్ళకే."

ముసలమ్మ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. "ఈ వీధి నాలుగూ నేను తిరిగొస్తాను. అవతలి మూడూ అయిదుకే కట్టేస్తారు, నా కాళ్ళకు అందవు. నువ్వు పోలీసులకు చెప్పు."

*

మామ గోనెను చంకన పెట్టుకుని స్టేషను మెట్లెక్కేసరికి అయిదూ అయిదు. ఇన్‌స్పెక్టరు కోర్టు కాగితాలు ముందేసుకుని రాస్తున్నాడు. మామను చూసి నవ్వాడు. ఆ నవ్వు ఒకపక్కకే వచ్చింది.

"రా మామయ్యా. సరైన టైముకొచ్చావు. రేపు కోర్టులో నీ వేరు కథ చెబుదువుగాని. దానికి జవాబు ఇప్పుడే రాస్తున్నాను." పైపెదవి రుద్దుకున్నాడు. "పద్ధతి ప్రకారమే చేశాను. పెద్ద కానిస్టేబులు సాక్షి."

మామ టేబులు వంక చూశాడు. పొట్లం కాగితం ఖాళీగా ఉంది. దాని పక్కన గాజు గ్లాసు. గ్లాసులో సగం దాకా ఎర్రటి నీళ్ళు, అడుగున పీచు.

"నువ్వేగా అన్నావు తాగమని. నువ్వెళ్ళగానే నానేయించాను. మూడు రోజులదీ ఒకేసారి. ఇప్పుడే తాగాను. చేదుగా ఉంటే సగంతో ఆపాను. చూడు, చచ్చానా?" మళ్ళీ పెదవి రుద్దుకున్నాడు. పెన్ను చేతిలోంచి జారింది. తీసుకున్నాడు. మళ్ళీ జారింది.

"ఎన్నింటికి తాగావు?"

"ఏం?"

"టైము చెప్పరా."

ఆ 'రా' వినగానే ఇన్‌స్పెక్టరు మొహంలో నవ్వు పోయింది. ముప్పై ఏళ్ళుగా మామ ఆ పిలుపు పిలవలేదు, చెట్టు మీద నుంచి పడి వీడి చెయ్యి విరిగిన రోజు తర్వాత.

"నాలుగూ యాభైకి," అన్నాడు పెద్ద కానిస్టేబులు వెనకనుంచి. "నేనే రాసుకున్నానండీ."

"నాలుక?"

"కొంచెం... చీమలు..." అని, ఆ మాట తన నోటినుంచే విని, ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు. అదే మాట పొద్దున తన చేత్తోనే రాసుకున్నాడు, ఫోర్‌మన్ భార్య చెప్పగా. అబద్ధమని పక్కన గీత కూడా పెట్టాడు.

మామ గోనెను టేబులు మీద పరిచాడు. ఎర్రకుట్టు పైకి. మేనల్లుడి చంకల కింద చేతులేసి లేపాడు. జీపు ఆస్పత్రికి చేరేసరికి అయిదూ పందొమ్మిది. గుమ్మంలోనే వాంతి చేసుకున్నాడు. డాక్టరుకు మామ నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఏం తాగాడు, ఎంత, ఎప్పుడు, ఎన్ని గంటలు నానింది. విరుగుడు లేదన్నాడు డాక్టరు, గుండెను కాపలా కాయడమే పని అన్నాడు. కడుపు కడిగారు. గుండెకు తీగలు తగిలించారు. తెర మీద గీత ఒక మెట్టు ఎక్కి, ఒక మెట్టు తప్పి, ఎక్కడికో పోయి వస్తోంది.

అక్క వచ్చింది. ఏడవలేదు.

"వీడిని తాగమన్నదెవరురా?" అంది.

"నేనే," అన్నాడు మామ.

ఆమె తమ్ముడి మొహం వంక చూసి, పక్క కుర్చీలో కూచుంది. మామకు ఇంకో లెక్క కూడా ఉంది. వీడు ప్రాణం పోగొట్టుకుంటే ఫోర్‌మన్ భార్య కాగితాలు అలాగే కోర్టుకు పోతాయి. ఇన్‌స్పెక్టర్ని చంపిన వేరు కూడా ఆమె ఇంటిదే అవుతుంది.

తెల్లవారి ఆరుంబావుకు తెర మీద గీత దారిలో పడింది. ఇన్‌స్పెక్టరు కళ్ళు తెరిచాడు. నాలుక ఇంకా మందంగానే ఉంది. మాటను పళ్ళతో పట్టుకుని బయటికి తోశాడు.

"ఆవిడను... వదిలెయ్యమను."

పెద్ద కానిస్టేబులు కాగితం పట్టుకొచ్చాడు. సంతకం కుదరక వేలిముద్ర వేయించారు. అక్క ఆ వేలికి అంటిన సిరాను తన కొంగుతో తుడిచింది.

*

ఏడింటికి మామ స్టేషనుకు వెళ్ళాడు. లాకప్పు తలుపు తీశారు. ఫోర్‌మన్ భార్య బయటికొచ్చి వరండాలో నిలబడింది. మామ గోనె సంగతంతా చెప్పాడు. ఆయన అంతసేపు మాట్లాడగా పెద్ద కానిస్టేబులు ఎన్నడూ వినలేదు.

"అయితే ఆయన్ని ఎవరూ చంపలేదా, బాబాయిగారూ?"

"చంపాడు. ఎవరు పోతారో చూసుకోకుండా చంపాడు."

గోడౌను యజమానిని పట్టుకురావడానికి జీపు అటు పోయింది. ఆస్పత్రి గొడవలో అవతలి మూడు అంగళ్ళకు కబురు చెప్పించడం మరిచిపోయిన మామ వంతెనవైపు నడిచాడు. కొంతదూరం పోయాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది.

"ఇంటికి పో, తల్లీ."

"పోయి ఏం చెయ్యను? ఆ పంచదార డబ్బా మూత పెట్టనా? పదండి."

వేర్లవ్వ ముందురోజే తన వీధిలోని నాలుగు అంగళ్ళూ తిరిగి చెప్పేసింది. వంతెన అవతల మూడు. మొదటి అంగట్లో గోనె సగం నిండుగా ఉంది. తిరగేస్తే ఎర్రకుట్టు. అంగడివాడు మొహం మీద చెమట తుడుచుకుంటూ గోనెను బయట పడేశాడు. రెండో అంగట్లో ఇంకా మూతి కూడా విప్పలేదు.

మూడో అంగడి మూసి ఉంది.

ఎదురుగా టీకొట్టువాడు గ్లాసులు కడుగుతున్నాడు. "ఆయనా? పొద్దున ఆరుకల్లా తెరిచేవాడు. ఇవాళేమో మరి. సరుకు జోరుగా పోయింది, నిన్న సాయంత్రానికి గోనె ఖాళీ. అడుగు దులిపి పట్టుకెళ్ళాడు. ఈ రాత్రి హాయిగా పడుకుంటాను, పొద్దున ఎవరూ లేపకండి అన్నాడు. ఇల్లు వెనకే."

మామ సందులోకి తిరిగాడు. తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. మూడుసార్లు తట్టాడు. లోపల నీళ్ళ కుళాయి కారుతున్న చప్పుడు. ఎవరో పుక్కిలించడానికి తిప్పి, కట్టెయ్యడం మరిచిపోయినట్టు.

ఫోర్‌మన్ భార్య కాలిన చేత్తోనే తలుపు అంచు పట్టుకుంది. మామ పక్కకు తిరిగి, గడియ ఎక్కడుంటుందో అంచనా వేసుకుని, భుజం ఆనించి తోశాడు.